"రెండూ ఒకటే కదా" అన్నందుకు కొడుకు మాట్లాడటం మానేశాడు

ప్రశ్న:

అనంతపురం జిల్లా నార్పల దగ్గరి పల్లె నుంచి ఒక రైతు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దని కోరారు. ఆయనకు ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. అందులో మూడెకరాలు తారు రోడ్డుకు ఆనుకుని ఉన్నాయి. కొడుక్కి ఇరవై ఏళ్లు. అనంతపురంలో రూము తీసుకుని బీటెక్ మెకానికల్ రెండో ఏడాది చదువుతున్నాడు, మూడు సబ్జెక్టులు తప్పాడు. కూతురు ఇంటర్‌లో ఉంది.

కొడుకు రాత్రంతా కంప్యూటర్లో బోయింగ్ 777 విమానం నడుపుతాడట. మొదట 300 ఈఆర్ అనే రకం కొన్నాడు (ఈఆర్ అంటే ఎక్కువ దూరం పోయేది). ఆర్నెల్లకు 200 ఈఆర్, ఆ తర్వాత సరుకుల విమానం. ఒక్కోటి ఐదారు వేలు, అన్నీ పరీక్ష ఫీజుకని పంపిన డబ్బులోంచే. ఇప్పుడు 200 ఎల్‌ఆర్, అంటే ఇంకా దూరం పోయేది, కావాలంటున్నాడు. "బొమ్మలో చూస్తే అన్నీ ఒకే మాదిరి ఉండాయి. రెండూ ఒగటే గదరా, మళ్లా ఎందుకు కొంటివి అంటి. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడేది మానేసినాడు" అని రాశారు. అంతకు ముందు సంక్రాంతి సెలవుల్లో ఇంకొకటి జరిగింది. ఫ్యూజు వేయడానికి ఈయన ఇంటి మెయిన్ ఆపారు. అప్పటికి పిల్లవాడు బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయల్దేరి పద్నాలుగు గంటలైంది. కంప్యూటర్ ఆరిపోయింది. రెండు పూటలు అన్నం ముట్టలేదు.

ఇప్పుడు చదువు మానేసి పైలెట్ శిక్షణలో చేరతానంటున్నాడు. ఒక ఫ్లయింగ్ స్కూలు యాభై అయిదు లక్షలు చెప్పింది. రోడ్డు పక్క మూడెకరాలు అమ్మితే సరిపోతుంది. బావమరిది అమ్మేయమంటున్నాడు. భార్య వద్దంటోంది. "వాడు దినామూ నడుపుతానే ఉన్నాడు, సగం నేర్చుకున్నట్టే గదా అంటాడు మా బావమరిది. నాకు ట్రాక్టరు తెలుసు, విమానం తెలీదు. ఆ మాట నిజమా కాదా, అది చెప్పండి సాలు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. విమానాలు బాగుచేసే హ్యాంగర్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి కనుక మీరడిగిన ఒక్క మాటకు జవాబు ముందే చెప్పేస్తాను. సగం నేర్చుకున్నట్టు కాదు. ఏమీ నేర్చుకోలేదనీ కాదు. ఎంత నేర్చుకున్నాడో తెలియాలంటే మీ ఇద్దరికీ మాట తెగిన చోటికే వెళ్లాలి. 200కూ 300కూ తేడా ఏమిటన్న చోటికి.

మీరన్నదాంట్లో నిజం ఉంది. ముక్కు ఒకటే, పైలెట్లు కూర్చునే గది ఒకటే, లోపలి వెడల్పు ఒకటే. ఒక రకం నడిపే పైలెట్ ఇంకో రకానికి మారాలంటే లైసెన్సులో కొత్తగా ఏదీ చేర్చాల్సిన పని లేదు. తేడాలున్నంత వరకు నేర్చుకుంటే చాలు. దాన్ని తేడాల శిక్షణ అనే అంటారు. కాబట్టి "రెండూ ఒకటే" అన్నందుకు మీరు సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఆ "తేడాలున్నంత వరకు" అన్నది ఉంది చూశారూ, మీ అబ్బాయి రాత్రులు మేలుకునేది దాని కోసమే.

మీ ట్రాక్టరుకు చిన్న ట్రాలీ కట్టి పొలం గట్టు దగ్గర మలుపు తిప్పడం వేరు, పొడుగు ట్రాలీ కట్టి తిప్పడం వేరు. తిప్పేది అదే స్టీరింగ్, అదే చెయ్యి. కానీ పొడుగు ట్రాలీ ఉన్నప్పుడు మలుపు దాటి ముందుకు పోయాకే తిప్పాలి, లేకపోతే వెనక చక్రం కాలవలో పడుతుంది. 777-200 పొడవు సుమారు 64 మీటర్లు, 300 పొడవు సుమారు 74. ఆ పది మీటర్లతో పాటు ముందు చక్రానికీ వెనక చక్రాలకూ మధ్య దూరం 26 మీటర్ల నుంచి 31 మీటర్లకు పెరిగింది. పైగా పైలెట్ కూర్చునేది ముందు చక్రానికి కూడా ముందు. తను మలుపు దాటిపోయానని అనిపించినా ఆగి, అప్పుడు తిప్పాలి. వెనక పన్నెండు చక్రాలు గడ్డిలోకి దిగకుండా చూసుకోవడానికి 300కు కెమెరాలు కూడా పెట్టారు. పైలెట్ ముందున్న తెర మీద చక్రాలు కనిపిస్తాయి.

లేచేటప్పుడు ఇంకో చిక్కు. పొడుగు విమానం ముక్కు పైకెత్తితే తోక నేలకు దగ్గరవుతుంది. 300 ఈఆర్‌లో దీనికి చేసిన ఏర్పాటు నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేసేది. ఒక్కో కాలికి మూడు జతల చక్రాలుంటాయి కదా, లేచే క్షణంలో విమానం మధ్య ఇరుసు మీద కాకుండా వెనక ఇరుసు మీద తిరుగుతుంది. కాలు కొంచెం పొడుగైనట్టు. దాంతో తోక తగలకుండా ముక్కు ఇంకాస్త పైకి లేపొచ్చు, అదే రన్‌వే మీద ఎక్కువ బరువుతో లేవొచ్చు. లోహంతో చేసిన వస్తువు అలా మడమల మీద లేవడం దగ్గర నుంచి చూసినవాళ్లు మర్చిపోరు.

ఇంజిన్ల సంగతి. 200 ఈఆర్‌కు మూడు కంపెనీల ఇంజిన్లలో ఏదైనా పెట్టించుకునే వీలుండేది, కొనేవాళ్ల ఇష్టం. 300 ఈఆర్‌కు మాత్రం జీఈ90 ఒక్కటే. దాని ముందు పంకా అడ్డంగా మూడుంపావు మీటర్లు. మనిషి నిలబడి చెయ్యెత్తినా పై అంచు అందదు. ఏ కంపెనీ ఇంజిన్ అన్నదాన్ని బట్టి ఎంత శక్తి ఇస్తున్నామో చూపే కొలత కూడా మారిపోతుంది. ఒకదానికి పంకా ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తారు, మిగతా రెండింటికి ముందు వెనక గాలి ఒత్తిడి నిష్పత్తి చూస్తారు. అంటే అదే గది, అదే కుర్చీ, కానీ కన్ను వెతికే అంకె వేరు. మీ అబ్బాయి 300 ఈఆర్ ఉండగా 200 ఈఆర్ కొన్నది బహుశా ఇందుకే. ఆ రెండింటి మధ్య గరిష్ఠ బరువు తేడా యాభై టన్నుల పైన: 297 టన్నులకు అటూ ఇటుగా ఒకటి, 351 దాటి ఇంకొకటి.

ఇప్పుడు అడుగుతున్న 200 ఎల్‌ఆర్ పొట్టిది, కానీ దానికి పెట్టిన ఇంజిన్లూ రెక్కలూ 300 ఈఆర్ కుటుంబానివి. రెక్కల చివర్లు రెండు వైపులా దాదాపు రెండేసి మీటర్లు సాగి వెనక్కి వాలి ఉంటాయి. పొట్టి ఒంటికి పెద్ద గుండె అనుకోండి. మనుషులు తక్కువ, దూరం ఎక్కువ. 2005 నవంబరులో అది హాంకాంగ్ నుంచి తూర్పుగా బయల్దేరి రెండు మహాసముద్రాలు దాటి లండన్‌లో దిగింది: 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు, ఎక్కడా ఆగకుండా. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలెట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు తెచ్చిన విమానం కూడా ఈ రకమే. మీవాడు కొన్న సరుకుల విమానాన్ని దీని నుంచే తయారుచేశారు, కాబట్టి ఆ రెండూ వాడికి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. మీరు మెయిన్ ఆపిన రోజు వాడు వెళ్తున్న దారి ఈ విమానం కోసం పుట్టినట్టున్న దారి. సరైన బండి లేకుండా ఆ దారి తొక్కుతున్నానని వాడికి బాధ. తప్పో ఒప్పో, ఆ బాధలో అబద్ధం లేదు.

ఇక కంప్యూటర్లోని విమానం గురించి. ఇందులో రెండు జాతులున్నాయి. కొన్నింటిలో బొమ్మ మాత్రమే పొడుగవుతుంది, లోపలి లెక్క పాతదే. మంచివాటిలో బరువు, ఇంధనం, లేచే వేగం, తోక తగిలే కోణం, ఇంజిన్ కొలత అన్నీ రకానికి తగ్గట్టు మారతాయి. ఒక్కోటి ఐదారు వేలంటే మీవాడు కొన్నవి రెండో జాతివి అయ్యుండాలి. వాటితో కూర్చున్నవాడికి అంకెలు వస్తాయి, మీటల వరస వస్తుంది, చెక్‌లిస్టు చదివే అలవాటు వస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉందనీ, ఎండాకాలం మధ్యాహ్నం గాలి పలచబడి అదే విమానం తక్కువ బరువుతోనే లేవగలదనీ పుస్తకం చూడకుండా తెలుస్తుంది. ఇవి చిన్నవి కావు. ఈ సంగతులు తెలియని కుర్రాళ్లు శిక్షణలో చేరి తడబడటం నేను చూశాను.

రానివి కూడా చెప్పాలి. వీపు కింద కుర్చీ ఎటు జారుతోందో ఒంటికి తెలియడం రాదు. పక్కగాలి తోస్తుంటే కాళ్లతో రెండు పెడల్స్ తొక్కుతూ నేల దగ్గరయ్యే క్షణాన్ని కళ్లతో పట్టడం రాదు. నేనెరిగిన శిక్షకులు ఒకే మాట చెప్పేవారు. ఇంట్లో సిమ్యులేటర్, అంటే ఇలాంటి కంప్యూటర్ విమానం, ఎక్కువగా నడిపినవాడు మొదటి రోజు చిన్న విమానం ఎక్కితే బయట నేలా ఆకాశం కలిసే గీతను చూడడు, ముందున్న మీటర్లకే కళ్లు అతికించుకుంటాడు. ముందు ఆ అలవాటు మాన్పించాలి, తర్వాతే నేర్పాలి. ఇంకా పెద్దది, పక్కన మనిషి. అమెరికా దాకా వెళ్లే విమానంలో నలుగురు పైలెట్లుంటారు, వంతులు వేసుకుని నడుపుతారు, నిద్రపోతారు. ఒకరు చేసింది ఇంకొకరు సరిచూస్తారు, తప్పయితే పై అధికారికైనా మొహం మీదే చెప్తారు. నాలుగు గోడల మధ్య ఒంటరిగా కూర్చుని నేర్చుకోలేని పని అది.

అందువల్ల మీ బావమరిది పొరపాటు ఇక్కడ ఉంది. కంప్యూటర్లోని 777నూ అసలు 777నూ ఆయన 200, 300 లాంటి రెండు రకాలనుకుంటున్నారు, తేడాలు నేర్చుకుంటే సరిపోతుందని. అవి ఒకే విమానంలో రెండు రకాలు కావు. విమాన సంస్థలు కూడా సిమ్యులేటర్ మీదే నేర్పుతాయి, నిజమే. అనుభవమున్న పైలెట్ ఖాళీ విమానం ఒక్కసారీ నడపకుండా దాని మీద నేర్చుకుని నేరుగా ప్రయాణికులతో ఎగరొచ్చు, పక్కన శిక్షకుడుంటాడు. కానీ అది ఆరు కాళ్ల మీద ఊగే గది, ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేసినది, వెనక శిక్షకుడు కూర్చుని ఇంజిన్లు ఆర్పుతూ ఉంటాడు. ఇంట్లో గడిపిన గంటలు, పైలెట్ ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఒక్కటీ పడవు. కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన 200 గంటల్లో మీవాడివి ఇవాళ్టికి సున్నా. ఆ 200 గంటలు కూడా 777 మీద కాదు, ఇద్దరో నలుగురో పట్టే చిన్న విమానం మీద. ఉద్యోగం వస్తే కర్నూలు దగ్గర ఓర్వకల్లు రన్‌వే మీద దిగే చిన్న ఏటీఆర్ విమానం లాంటిదో, ఎయిర్‌బస్ 320 లాంటిదో దొరుకుతుంది. 777 వాడి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, రాకపోవచ్చు కూడా. ఈ సంగతి వాడికి తెలిసే ఉంటుంది. కానీ మీ నోట విన్నప్పుడు వాడి మొహం చూడండి. "చిన్న విమానమైనా సరే" అంటే ఒక దారి. "777 కాకపోతే ఎందుకు" అంటే వాడికి ఇష్టమైంది పైలెట్ ఉద్యోగం కాదు, ఆ యంత్రం. అది తక్కువ ఇష్టమేం కాదు, కానీ దానికి దారి వేరు.

భూమి అమ్మే ముందు చేయాల్సింది ఒకటుంది. మీరు బోరు బండిని పిలిచే ముందు పాయింటు చూపించుకుంటారు కదా. పైలెట్‌కు ఆ పాయింటు వైద్య పరీక్ష. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర రెండో తరగతి మెడికల్, ఆ తర్వాత మొదటి తరగతి. మొదటి తరగతి పరీక్షలు చేసే చోట్లలో బెంగళూరులోని వైమానిక దళ ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఒకటి, మీకు రాను పోను ఒక రోజు. రంగులు సరిగా కనిపించకపోవడం, చెవి, గుండె, ఇలా మనకు రోజూ అడ్డురాని విషయం అక్కడ అడ్డొస్తుంది. ఫ్లయింగ్ స్కూలుకు అడ్వాన్సు కట్టాక ఇది తెలిసి ఏడ్చిన కుటుంబాలను చూశాను. మీరు ఏ దారి ఎంచుకున్నా ఇది మాత్రం ముందే కానివ్వండి.

మెడికల్ అయ్యాక, ఇప్పుడే చదువు మానేసి చేరితే ఏమవుతుందో చూద్దాం. రెండేళ్లలో లైసెన్సు రావొచ్చు. కానీ లైసెన్సు అంటే ఉద్యోగం కాదు. ఏ విమానం నడపాలో దానికి విడిగా టైప్ రేటింగ్ కావాలి, ఆ ఖర్చు స్కూలు చెప్పిన యాభై అయిదులో ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా ఉండదు. లైసెన్సు చేతిలో పెట్టుకుని పిలుపు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. ఆ మధ్య కాలంలో వాడికి డిగ్రీ లేదు, మీకు మూడెకరాలు లేవు. పైలెట్ మెడికల్ కూడా ఒకసారి పాసైతే అయిపోదు, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. ముప్పై ఏళ్లకు ఒంట్లో ఏదైనా వచ్చి ఆగిపోతే చేతిలో ఇంకో పని ఉండాలి. నాకు ఈ దారి మీద భయం ఎక్కువ. దాచను.

బీటెక్ పూర్తి చేసి చేరితే ఇరవై మూడేళ్లు ఉంటాయి, ఆలస్యమేమీ కాదు. ఈలోపు ఒక పని చేయొచ్చు. లైసెన్సుకు రాయాల్సిన డీజీసీఏ పేపర్లు, అంటే విమాన నియమాలు, నావిగేషన్, వాతావరణం, సాంకేతిక విషయాలు, ఏ స్కూల్లోనూ చేరకుండానే పేరు నమోదు చేసుకుని సొంతంగా చదివి రాయొచ్చు. ఖర్చు, పుస్తకాలతో కలిపినా, శిక్షణ ఫీజు ముందు చాలా తక్కువ. ఇవి రాసి గట్టెక్కిన పిల్లవాడి కోసం భూమి గురించి ఆలోచించడం వేరు, మూడు సబ్జెక్టులు వదిలేసి వచ్చిన పిల్లవాడి కోసం ఆలోచించడం వేరు. ఈ దారిలో నష్టం ఒకటే. వాడికి ఓపిక కావాలి, ఇప్పుడున్న మనసులో అది తక్కువగా కనిపిస్తోంది. "నాయన కావాలనే నాన్చుతున్నాడు" అనుకోవచ్చు. అందుకే పేపర్లు పాసైతే ఏం చేస్తారో ముందే మాట ఇవ్వండి, ఇచ్చాక తప్పకండి.

ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ పేరుతో కేంద్ర ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీ ఉంది. ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటారు. ఫీజు అక్కడా తక్కువ కాదు. కానీ ఆ పరీక్షలో వాడు ఎక్కడ నిలబడతాడో చూసుకోవడం మీకే మంచిది.

అమ్మకుండా తోట మీద అప్పు తెచ్చే ఆలోచన కూడా ఉత్తరంలో ఒక వాక్యంలో రాశారు. భూమి నిలుస్తుంది, కానీ ఉద్యోగం రాకముందే కంతులు మొదలవుతాయి. చీనీ ధర పడిపోయిన ఏడాది ఆ కంతు ఎక్కడి నుంచి కడతారో మీ ఆవిడను అడగండి, ఆవిడ లెక్క మీ కంటే గట్టిగా ఉంటుందనిపిస్తోంది. ఇంకొకరిని కూడా అడగాలి. అది పిత్రార్జితమైతే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది. ఇంటర్ చదివే పిల్ల కదా అని పక్కన పెట్టకండి. ఆ మూడెకరాల్లో తనదీ ఉంది, రేపు తన చదువుకూ డబ్బు కావాలి.

యంత్రం మీద ఇష్టమే అసలు సంగతి అయితే, పైలెట్ కాని దారులున్నాయని వాడికి ఎవరూ చెప్పి ఉండరు. విమానం ఎంత బరువుతో, ఎంత ఇంధనంతో, ఏ దారిలో వెళ్లాలో లెక్కగట్టే డిస్పాచర్ ఉద్యోగం ఉంది. 200కూ 300కూ మధ్య యాభై టన్నుల తేడా ఎక్కడికి పోయిందని రాత్రంతా ఆలోచించే బుర్ర ఆ బల్ల ముందు బాగా రాణిస్తుంది. నాలాగా మరమ్మతుల ఇంజినీరు కావచ్చు, దానికి విడిగా లైసెన్సు పరీక్షలున్నాయి. మెకానికల్ చదువు రెండింటికీ పనికొస్తుంది. వాడు వదిలేస్తానంటున్నది దాన్నే. జీతం పైలెట్‌కు వచ్చినంత రాదు. 777 పక్కన నిలబడి చేత్తో తాకే రోజు మాత్రం ముందే వస్తుంది.

పరీక్ష ఫీజు డబ్బుతో కొనడం తప్పు. ఆ మాట వాడితో అనండి, గట్టిగానే అనండి. కానీ దాన్నీ "రెండూ ఒకటే కదా" అన్నదాన్నీ కలపకండి. ఒకటి వాడి తప్పు, రెండోది మీకు తెలియని విషయం.

ఈ ఆదివారం వాడు ఇంటికొస్తే పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. మెయిన్ ఆపింది కావాలని కాదని చెప్పండి, ఇంతవరకు చెప్పలేదని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. తర్వాత 200నీ 300నీ ఒకదాని తర్వాత ఒకటి రన్‌వే మీదకు తిప్పి చూపించమనండి. ఎక్కడ తిప్పడం మొదలుపెడుతున్నాడో చూడండి. మీరు ట్రాక్టరు మనిషి, మీకు తెలిసిపోతుంది. అప్పుడు అడగండి, చిన్న విమానమైతే నడుపుతావా అని. వాడేమన్నాడో, బెంగళూరు మెడికల్‌లో రంగుల పరీక్ష ఏమైందో నాకు రాయండి. భూమి సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.